అత్తగారి ఎత్తుపల్లాలు

మా పెరట్లో చెట్టు చచ్చిపోయిన సంగతి అందరికన్నా ముందు కనిపెట్టింది మా అత్తగారు. ఒకరోజు పొద్దున్నే వరండాలో కూర్చుని టీ తాగుతూ, గాలి వీస్తోంది గానీ చెట్టు చప్పుడు చెయ్యడం లేదేమిటని అడిగారు. నేనూ మా ఆవిడా తల ఎత్తి చూశాం. కొమ్మకి ఒక్క ఆకు లేదు. రోజూ దాని కిందే బట్టలారేసే వాళ్ళం, కళ్ళున్న మనుషులం ఇద్దరం ఉండి ఏం లాభం?

అత్తగారికి చూపు పోయి కొన్నేళ్ళయింది. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనకూడదు. "కాస్త మసగ్గా ఉంది" అంటారావిడ. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆవిడకి కాస్త మసగ్గానే ఉంటుంది. కొత్తవాళ్ళెవరైనా వస్తే గొంతు వినబడిన వైపు సూటిగా మొహం పెట్టి మాట్లాడతారు. మా అత్తగారికి చూపు లేదని తెలియకుండానే ఆవిడ దగ్గర చీవాట్లు తిని వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను దర్జీని. పెళ్ళయిన కొత్తలో, అద్దె ఇల్లు దొరికేదాకా అని అత్తారింట్లో దిగాను. ఆ ఇల్లు ఇంకా దొరకలేదు. నిజానికి వెతికిందీ లేదు. వెనక గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకున్నాను. అక్కణ్ణించి పెరడంతా కనిపిస్తుంది కాబట్టి ఈ కథ నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

అత్తగారు రోజూ సాయంత్రం పెరడు దాటి వెనకింటి పంతులమ్మగారి దగ్గరికి వెళతారు. పంతులమ్మగారు పేపరు చదువుతారు, మా అత్తగారు ప్రతి వార్తకీ అడ్డం తిరుగుతారు, గంటసేపు పోట్లాడుకుని ఇద్దరూ చాలా సంతోషంగా విడిపోతారు. ఆ పెరడు దాటడం ఒక్కటే ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చేసే ప్రయాణం. చెప్పుల్లేకుండా వెళతారు. మెట్టు దిగగానే బొటనవేలికి తగిలే రాయి. దాని తర్వాత రెండు పాయలుగా చీలిన వేరు. ఎడమ పాయ పట్టుకుని వెళితే వాన నీళ్ళు నిలిచే పల్లం. పల్లం అంచున చెట్టు మొదలు. దానికి చెయ్యి ఆనించి చుట్టూ తిరిగితే కాలికింద గుల్లగా ఇసక, ఆ ఇసక చివర గేటు. మనకైతే అది తట్టుకుని పడే నేల. ఆవిడకి రాజమార్గం.

మా ఆవిడకి ఈ ప్రయాణం బొత్తిగా ఇష్టం లేదు. ఆసుపత్రిలో నర్సు. పడిపోయి ఎముకలు విరిగినవాళ్ళని రోజూ చూసే ఉద్యోగం. తల్లి మెట్టు దిగుతుంటే కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరుగుతుంది. చివరికి తల్లీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఒక్కసారి దారి తప్పినా సరే, ఆ రోజు నుంచి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప అత్తగారు మెట్టు దిగకూడదు. అత్తగారు వెంటనే ఒప్పుకున్నారు. తన నేల మీద ఆవిడకి అంత నమ్మకం.

ఇంతలో ఎండిన కొమ్మ ఒకటి విరిగి స్నానాలగది రేకు మీద పడింది. లోపల నేనున్నాను. సబ్బు నురగతోనే బయటికి పరిగెత్తుకొచ్చానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంది. చెట్టు తీయించక తప్పదని అలా తేలిపోయింది.

మొదట వచ్చిన ఆయన చెట్టుని ఎగాదిగా చూసి, ఒక్క పూటలో పడగొట్టేస్తానన్నాడు. ఎక్కడ పడుతుందని అత్తగారు అడిగారు. ఇక్కడే, పెరట్లోనే అని చెప్పాడు. ఆవిడ అతనికి మంచినీళ్ళిచ్చి పంపేశారు. రెండో ఆయన గోడ పడగొట్టి పెద్ద యంత్రం లోపలికి తెస్తానన్నాడు. అతనికి మంచినీళ్ళు కూడా దక్కలేదు.

మూడోసారి వచ్చింది పరుపులావిడ. ఆవిడ అసలు పేరేమిటో మేం అడగలేదు. చెట్టు కొట్టే జట్టుకి పెద్ద ఆవిడే, చెట్టెక్కేది ఆవిడ తమ్ముడు, మోతకి ఇంకో ఇద్దరు. ఊళ్ళో వాళ్ళు పారేసిన పాత పరుపులన్నీ పోగుచేసి బండి మీద వెంట తిప్పుతుంది. నరికిన దుంగ నేల మీద పడకూడదు, పరుపు మీద పడాలి, అదీ ఆవిడ పద్ధతి. వచ్చీరాగానే చెట్టు వంక చూడలేదు. గొంతుక్కూర్చుని ఒక పుల్ల తీసి నేలలో గుచ్చింది. అది సులువుగా దిగిపోయేసరికి మొహం చిట్లించింది. తడి నేల మీద బరువు పడితే లోపలికంటా అణిగిపోతుందట, వారం రోజులు చుక్క నీరు పడకూడదట. దాంతో రోజూ పెరట్లోకి పారే స్నానం నీళ్ళు బకెట్లలో వీధిలోకి మోసే ఉద్యోగం నాకు పడింది. ఇంటల్లుడి మర్యాదలు ఇలాగే ఉంటాయి.

ఆవిడ గొంతు వినగానే అత్తగారు తిన్నగా కూర్చున్నారు.

"చెట్టు సంగతి నీ ఇష్టం అమ్మాయ్. నేల మాత్రం ఉన్నది ఉన్నట్టు నాకు అప్పజెప్పాలి," అన్నారు.

"మేం వచ్చి వెళ్ళినట్టు ఆనవాలు కూడా మిగలదండి అమ్మగారూ," అంది పరుపులావిడ.

ఆ రెండు మాటలకీ అర్థం ఒకటేనని అందరం అనుకున్నాం. ఎందుకలా అడుగుతున్నారో అత్తగారు చెప్పలేదు. నేను చెప్పబోతే, కుర్చీ పక్క నుంచి ఆవిడ చెయ్యి గురి తప్పకుండా వచ్చి నా మోచేతి మీద గిల్లింది. మొదలుని మాత్రం నడుం ఎత్తున వదిలెయ్యమన్నారు. దాని మీద పూలకుండీ పెట్టుకుంటానని ఓ కోత కోశారు. మా ఇంట్లో పూలకుండీ అన్నది లేదు.

పని మొదలైన రోజు మా పెరడు చూసి తీరాలి. గేటు నుంచి చెట్టుదాకా చెక్కపలకలు ఒకదానికొకటి ఆనించి పరిచారు. చక్రాలబండి వాటి మీదే నడవాలి. ఒక్క చక్రం నేలకి ఆనినా పరుపులావిడ ఒంటికాలి మీద లేచేది. చెట్టు కింద పాత టైర్లు పేర్చి, వాటి మీద పరుపులు రెండు వరసలు వేశారు. గోడకి గోనెసంచులు కట్టారు. కుళాయికి బొంత చుట్టారు. నా కిటికీకి అడ్డంగా ఒక చెక్క నిలబెట్టబోతే, చీకట్లో జాకెట్లు కుట్టలేనని బతిమాలుకుని సగం తెరిపించుకున్నాను. పరుపులు చాలలేదని పరుపులావిడ అడిగేసరికి, నేను పడుకునే పరుపు కూడా అత్తగారు ఉదారంగా ఇప్పించేశారు. తనది మాత్రం అడగనివ్వలేదు.

తమ్ముడు నడుముకి తాడు బిగించుకుని పైకెక్కాడు. కొమ్మ కొయ్యడానికి ముందు దానికి తాడు కట్టేవాడు. ఆ తాడు రెండో కొస చెట్టు మొదలుకి చుట్లు వేసి కింద ఇద్దరు పట్టుకునేవారు. కొమ్మ తెగగానే తాడు కొద్దికొద్దిగా వదులుతూ, నిద్రపోతున్న పిల్లాణ్ణి మంచం మీదికి దించినంత మెల్లిగా పరుపు మీదికి దించేవారు. రంపంపొట్టు కూడా పట్టా మీదే పడాలి. పరుపులావిడ చీపురు పట్టుకుని పట్టా చుట్టూ కాపలా తిరిగేది.

అత్తగారు వరండాలో కుర్చీ వేయించుకుని పొద్దున్నుంచీ కదల్లేదు. ప్రతి దుంగ చప్పుడూ విన్నారు. ఒకసారి చిన్న ముక్క ఒకటి జారి పక్కకి పడింది. పరుపులావిడ అటు తిరిగి ఉంది, చూడలేదు. తమ్ముడు పై నుంచి గప్‌చుప్‌గా ఉండమని కిందవాళ్ళకి సైగ చేశాడు.

"అది పరుపు మీద పడలేదు," అన్నారు అత్తగారు వరండాలోంచి.

పరుపులావిడ గిరుక్కున తిరిగి చూసి, తమ్ముడికి కడుపునిండా చీవాట్లు పెట్టింది. ఇంకోసారి మోతవాడు దగ్గరదారని పలకలు వదిలి నేల మీద నాలుగడుగులు వేశాడు. అత్తగారు వెంటనే పట్టేశారు. అప్పటినుంచి జట్టంతా వరండా వైపు భయంభయంగా చూస్తూ, పిల్లి అడుగులు వేసుకుంటూ పనిచేశారు. మధ్యాహ్నం పరుపులావిడ నీళ్ళు తాగడానికి నా కిటికీ దగ్గరికి వచ్చి, మీ అత్తగారివి మామూలు కళ్ళు కాదండీ, ఇంత దూరం నుంచి అంత చిన్నది కూడా కనిపెట్టేస్తున్నారు, ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి చూపు చూడలేదని మెచ్చుకుంది. నాకు నవ్వాగలేదు. నోట్లో గుండుసూదులున్నాయి, ఏదో మింగినట్టు దగ్గి సర్దుకున్నాను.

ఇద్దరూ ఇద్దరే అని నాకప్పుడే అనిపించింది. ఒకావిడ కాలితో కొలిచే నేలని ఇంకొకావిడ పరుపులతో కాపాడుతోంది. ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలిసి ఉంటే అక్కడితో కథ అయిపోయేది.

పొద్దు వాలేసరికి చెట్టు లేదు. నడుం ఎత్తు మొదలు మాత్రం మిగిలింది. పలకలు తీశారు, టైర్లు దొర్లించారు, పరుపులు దులిపారు. నేను వెళ్ళి చూశాను. రాయి రాయిలాగే ఉంది, వేరు వేరులాగే ఉంది, పల్లంలో ఒక్క మడమ గుర్తు లేదు. ప్రాణం లేచొచ్చింది. అత్తగారు పొడి దుమ్ము కడుక్కోవడానికి లోపలికి వెళుతూ, అందరికీ టీ పెట్టమని నాకు చెప్పారు. జట్టు వంటింటి గుమ్మం దగ్గర చేరింది. పరుపులావిడ మాత్రం, చిన్న పనొకటి ఉంది, తర్వాత తాగుతానని పెరట్లోనే ఉండిపోయింది.

ఆ చిన్న పనేమిటో తమ్ముడు టీ ఊదుకుంటూ గొప్పగా చెప్పాడు. అక్కకి ఎవరైనా బాగా నచ్చితే, పని అయ్యాక తన తరఫున నేల చదును చేసి ఇస్తుందట. అందరికీ చెయ్యదట. మా అత్తగారంటే ఆవిడకి గౌరవం పుట్టిందట. నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

నేను పరిగెత్తేసరికి పెరడు పళ్ళెంలా ఉంది. బొటనవేలి రాయి తవ్వి గోడవారన పెట్టేసింది. చీలిన వేరుని గొడ్డలితో రెండు వైపులా నరికి తీసేసింది. జల్లించిన మట్టి పోసి పల్లం పూడ్చి, పైన చెక్కతో నున్నగా లాగేసింది. చెమట తుడుచుకుంటూ నా వంక చూసి చంటిపిల్లలా నవ్వింది. "పెద్దావిడ నడిచే చోటు కదండీ, కాలికి తట్టుకుంటుందని తీసేశాను," అంది.

ఏమనాలి? తిట్టడానికి ఆవిడ చేసిన తప్పేముంది? అంత మంచిపని మా పెరట్లో ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. సరిగ్గా అదే సమయానికి మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చింది, అత్తగారు మొహం తుడుచుకుంటూ వరండాలోకి వచ్చారు. పంతులమ్మగారి దగ్గరికి వెళ్ళే వేళ దాటిపోతోందని, నేను ఆగమనేలోపే మెట్టు దిగేశారు.

మొదటి అడుగు పడింది. బొటనవేలు ముందుకి చాచి వెతికింది. ఏదీ తగల్లేదు. ఇంకో అడుగు వేశారు, మళ్ళీ ఎడమకి కాలు చాపి నేలంతా తడిమారు. ఎటు తడిమినా ఒకటే నున్నదనం. ఇంకో నాలుగడుగులు వేసి పెరటి మధ్యన ఆగిపోయారు. మొహం అటు తిప్పారు, ఇటు తిప్పారు. చెయ్యి గాల్లోకి లేచి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క మళ్ళీ కిందికి దిగిపోయింది. సొంత పెరట్లో ఆవిడ అలా నిలబడిపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

మా ఆవిడ చేతిసంచి కింద పడేసి పరిగెత్తబోయింది. అత్తగారు ఆ అడుగుల చప్పుడు విని చెయ్యెత్తి ఆపారు.

"అమ్మాయ్, నా వేరేది?" అని అడిగారు.

పరుపులావిడ అయోమయంగా చూసింది. తీసేశానండి, నున్నగా చేసేశాను కదండీ, చూడండి, అంది. అత్తగారు మామూలు గొంతుతోనే చెప్పారు.

"నాకు కళ్ళు కనిపించవమ్మా. బొత్తిగా కనిపించవు. ఆ ఎత్తుపల్లాలే నాకు దారి."

ఆ మాట ఆవిడ నోట మేం అంతవరకూ వినలేదు. నేను వినలేదు, కన్నకూతురూ వినలేదు. పరుపులావిడ నిలబడ్డ చోటే చతికిలబడింది. పొద్దున్నుంచీ ఆవిడ మెచ్చుకున్న ఆ చూపంతా గుర్తొచ్చినట్టుంది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ తల్లి చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చింది. అత్తగారు కిక్కురుమనకుండా వచ్చి కూర్చున్నారు. ఒప్పందం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా అందరి బుర్రల్లోనూ అదే ఉంది.

ముందుగా లేచింది పరుపులావిడే. కళ్ళు తుడుచుకుని చీర కొంగు బిగించింది. నరికిన వేరు ముక్కలు బండిలో ఉన్నాయి, తెమ్మని తమ్ముణ్ణి తరిమింది. అప్పుడు మొదలైంది అసలు పని. చెట్టు తియ్యడం దానిముందు ఏ మూలకి?

అత్తగారి కుర్చీని పెరట్లోకి దించాం. ఆవిడ పాదం చాపి ఆజ్ఞలిచ్చారు. రాయి తిరిగి పాతారు. కాలు ఆనించి చూసి, ఇది అటు తిరగాలి, మొహం తిప్పేసిన చుట్టంలా ఉంది అన్నారు. తిప్పారు. వేరు ముక్కల్ని కలిపి పెట్టి, రెండు వైపులా మేకులు దిగేసి, మట్టి కూరారు. అత్తగారు మడమతో నొక్కి, ఎత్తు చాల్లేదన్నారు. ఎత్తు పెంచితే, ఇది మా వేరు కాదు, ఎవరిదో అన్నారు. మళ్ళీ తీశారు, మళ్ళీ పెట్టారు. నేల చదును చెయ్యడంలో పేరు తెచ్చుకున్న పరుపులావిడ, జన్మలో మొదటిసారి నేలని గతుకులు చెయ్యడానికి నానా తంటాలూ పడింది. పల్లం తవ్వుతుంటే ఆవిడ చెయ్యి దానంతటదే అంచులు నున్నగా లాగేసేది. అత్తగారు కాలితో తడిమి చూసి, అంత నీటుగా వద్దమ్మా, కాస్త నిర్లక్ష్యంగా తవ్వు అని కేకలేసేవారు.

ఒక దశలో పరుపులావిడ తువ్వాలుతో తన కళ్ళకి గంతలు కట్టుకుని, చెప్పులు విడిచి, తానే నడిచి చూసింది. వేరు దాకా బాగానే వచ్చింది. అక్కడ కుడి పాయ పట్టుకుని తిన్నగా వచ్చి నా పొట్టలో గుద్దుకుంది. ఎడమ, ఎడమ అని అత్తగారు విసుక్కున్నారు. రెండోసారి పల్లం దాకా వచ్చింది. మూడోసారి మొదలు తగిలింది. మొదలుకి చెయ్యి ఆనించి, గంతలు విప్పకుండానే కాసేపు అక్కడే నిలబడింది. అది పూలకుండీ కోసం కాదని అప్పుడే తెలుసుకుని ఉంటుంది.

చివరికి అత్తగారు కుర్చీలోంచి లేచి, ఇక చాలు, ఇది నాదేలా ఉంది అన్నారు. మా ఆవిడ ముందుకొచ్చి చెయ్యి అందించింది. మాటంటే మాటేనంది. మట్టి ఇంకా కుదురుకోలేదు, వేరు కదిలినా కదులుతుంది, ఒక్కసారి దారి తప్పితే ఏమనుకున్నామో గుర్తుందా అంది. గొంతులో కోపం లేదు, భయమే ఉంది. నేను ఎవరి పక్షమూ చేరకుండా నీళ్ళు నమిలాను.

అత్తగారు కూతురి చెయ్యి పట్టుకున్నారు.

"సరే, పట్టుకునే వెళదాం. నువ్వు కళ్ళు మూసుకో," అన్నారు.

మా ఆవిడ తెల్లబోయింది. దొంగచూపులు చూడొద్దని అత్తగారు ఇంకోసారి గట్టిగా చెప్పారు. ఆసుపత్రిలో వార్డంతటినీ గడగడలాడించే మనిషి, చిన్నపిల్లలా చెప్పులు విడిచి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. రాయి దగ్గర అత్తగారు ఆగి, తగిలిందా అని అడిగారు. తగిలిందని మా ఆవిడ అంది. ఇక్కడ ఎడమ పాయ, పాదం అడ్డంగా పెట్టు అన్నారు. పల్లం దగ్గర మా ఆవిడ తూలి రెండో చెయ్యి కూడా తల్లి భుజం మీద వేసేసింది. అత్తగారు కదల్లేదు. నిలదొక్కుకునేదాకా ఆగి, నేనున్నాను కదా, ఇక్కడ కొంచెం దిగుతుంది, అంతే అన్నారు. మొదలు చుట్టూ కూతురి అరచేతిని తన చేతికింద పెట్టి తిప్పారు. ఇసక తగలగానే మా ఆవిడ మొహంలో భయం కాస్త వదిలింది.

జట్టు మొత్తం గోడవారన వరసగా నిలబడింది. పరుపులావిడ ఊపిరి బిగబట్టి తల్లి పాదాలే చూస్తోంది. నేను కూతురి మొహం చూస్తున్నాను. అన్నేళ్ళుగా అమ్మ పడిపోతుందని బెంగపెట్టుకున్న మనిషి, ఇప్పుడు అమ్మ వదిలేస్తే ఎక్కడ పడతానో అని ఆ చేతిని పట్టుకున్న తీరు చూస్తే నాకు నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి.

వేళ దాటినా రాలేదని పంతులమ్మగారు పేపరు పట్టుకుని అవతల నుంచి గేటు తీశారు. తల్లి చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, అడుగులో అడుగు వేస్తూ వస్తున్న మా ఆవిణ్ణి చూసి హడలిపోయారు.

"అయ్యో, పిల్ల కళ్ళకేమైంది?" అని అడిగారు.

"ఏం కాలేదు. దారి చూపిస్తున్నాను," అన్నారు అత్తగారు.

గేటు దాటాక కూడా మా ఆవిడ కళ్ళు తెరవలేదు. తల్లి చెయ్యి వదలకుండా, రేపు ఇంకోసారి తీసుకురమ్మని అడిగింది.